సఫర్ లేని సఫారీ

స్వాహిలీలో సఫారీ అంటే ప్రయాణం, అంతే. అరబ్బీ ‘సఫర్’ అక్కడికి అలా వెళ్లింది, ఉర్దూ మీదుగా మా తెలంగాణకి ఇలా వచ్చింది. తెలుగులో మాత్రం సఫారీ అంటే జీపు, టోపీ, సింహం. ఈమధ్య కుటుంబంతో ఆఫ్రికా పార్కులు తిరిగొచ్చినవాళ్ల యాత్రాకథనాలు వరసగా చదివాను. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, పది రోజుల సెలవు. మసాయి మారా, అంబోసెలి, సెరెంగెటి, గోరోంగోరో. ఎల్లో ఫీవర్ టీకా దగ్గర మొదలై, ఎయిర్‌పోర్టులో కొన్న చెక్క జిరాఫీ దగ్గర ఆగిపోతాయి.

వీటిలో నాకు నచ్చేవి ఉన్నాయి. టెంటులో రాత్రి హైనా కూత విని పిల్లాడు అమ్మ దుప్పట్లో దూరడం, అయిదో రోజుకి అందరికీ పచ్చడి మీద మనసు పోవడం. ఇంటి మనుషులు కనిపించినచోట వాక్యం బతుకుతుంది. సింహం రాగానే చచ్చిపోతుంది. ‘ఒళ్లు గగుర్పొడిచింది’, ‘మాటల్లో చెప్పలేను’. చెప్పలేనప్పుడు రాయడం దేనికి?

ఎందుకిలా అవుతుందంటే, చూపు అరువుది. ‘బిగ్ ఫైవ్’ సంగతే చూడండి. సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న. నడిచి వెంటాడి చంపడం ఏవి కష్టమో వేటగాళ్లు వేసుకున్న లెక్క అది. తుపాకీ పోయి కెమెరా వచ్చింది, జాబితా అలాగే ఉంది. మన రచయితలు ఒక్కో జంతువు కనపడగానే జిరాలో టికెట్ క్లోజ్ చేసినట్టు టిక్కు పెట్టుకుంటూ పోతారు. (మా ఆఫీసు రోగం, ఎక్కడ చూసినా అదే కనిపిస్తుంది.) చిరుత కనపడకపోతే ఆ రోజు వృథా. ఆ రోజంతా చుట్టూ ఉన్న గడ్డి, గాలి, పేడపురుగు లెక్కలోకి రావు.

ఇక డ్రైవరు. తెల్లారకముందే లేచేది ఆయనే, రేడియోలో స్వాహిలీలో కబురు పట్టేది ఆయనే, గడ్డిలో చెవి కొస చూసి అది ఏ జంతువో చెప్పేదీ ఆయనే. వ్యాసంలో ఆయనకి దక్కేది ‘మా డ్రైవరు చాలా మంచివాడు’ అన్న ఒక్క ముక్క. ఏనుగుల వీరాస్వామి 1830లో పల్లకీలో కాశీకి బయల్దేరినవాడు, మోసేవాళ్లున్న పెద్దమనిషి. అయినా 1838లో అచ్చయిన ఆ పుస్తకంలో బోయీలున్నారు, దారి బాధలున్నాయి, ఏ ఊళ్లో ఏం దొరుకుతుందో ఉంది. దాదాపు రెండొందల ఏళ్ల తర్వాత ల్యాండ్ క్రూజర్‌లో వెళ్లి అంతకంటే తక్కువ చూసి వస్తున్నాం.

సెరెంగెటిలో మనుషులు లేకపోవడం ప్రకృతి పని కాదు. 1959లో మసాయిలను వాళ్ల పశువులతో సహా అక్కడినుంచి పంపించేశారు. మనుషుల్లేని అడవే అసలైన అడవి అని నమ్మిన బెర్న్‌హార్డ్ గ్రిమెక్ తీసిన సెరెంగెటి డాక్యుమెంటరీ అదే ఏడు వచ్చింది, దానికి ఆస్కార్ కూడా ఇచ్చారు. 2019లో మన పిల్లలు నాని గొంతుతో విన్న ‘లయన్ కింగ్’లోనూ ఒక్క మనిషి కనపడడు. కెన్యా రచయిత బిన్యవాంగా వైనైనా 2005లో, ఆఫ్రికా గురించి ఎలా రాయాలో చెబుతూ వెటకారంగా ఒక వ్యాసం రాశాడు. అందులో జంతువులకి నిండైన వ్యక్తిత్వం ఇవ్వమంటాడు, మనుషులకి అక్కర్లేదంటాడు. మనవాళ్లు ఆ సలహాని వెటకారం తీసేసి పాటిస్తున్నట్టుంది.

‘సెలవు తీసుకుని పోయినోడు చరిత్ర పాఠం చెప్పాలా?’ అన్నాడు ఒక ఫ్రెండ్. వద్దు. నా గొడవ చరిత్ర గురించి కాదు, భయం గురించి. ఈ రచనలన్నిటికీ కావలసిన రసం భయమే. కానీ ఇంజిన్ ఆపిన బండిలో, పక్కన గైడుతో, రాత్రి బఫే ఖాయమని తెలిసి పడే భయం అది. రాసేవాడు ఏమీ పణంగా పెట్టడు కాబట్టి ఆ భయానికి బరువుండదు.

మా జమ్మికుంటలో రైలెక్కితే మంచిర్యాలలో దిగి జన్నారం పోవచ్చు. 1965లో అభయారణ్యమై, 2012లో టైగర్ రిజర్వ్ అయిన కవ్వాల్ అడవి అక్కడే. అక్కడా సఫారీ ఉంది. అదే రైలు కాగజ్‌నగర్ దాటి చంద్రాపూర్ వైపు పోతుంది. ఆ దిక్కునే ఉన్న తడోబా నుంచి పులులు మన వైపు నడిచొస్తాయి. ఫాల్గుణ అని పేరు పెట్టిన ఆడపులి అలాగే వచ్చి కాగజ్‌నగర్ అడవిలో పిల్లల్ని కన్నది. ఇటీవలి ఏళ్లలో కడెం మండలంలోని రాంపూర్, మైసంపేట ఊళ్లను రిజర్వ్ కోర్ ప్రాంతం నుంచి బయటికి తరలించారు. 2024 నవంబరులో కాగజ్‌నగర్ మండలంలో పత్తి చేనులో పనిచేస్తున్న ఒక యువతిని పులి చంపింది. జమ్మికుంటవాడికి పత్తి అంటే మార్కెట్ యార్డు, తెల్లటి కుప్పలు, ధర గొడవ. ఆ వార్త చదివాక, పత్తి ఏరడానికి వంగిన మనిషికి ఎదురుగా ఏముందో కనపడదన్న సంగతి మొదటిసారి తట్టింది.

పులి ఉండాలని నాకూ ఉంది. జన్నారం మా పిల్లల్ని తీసుకుపోయాను, దుప్పులు చూసి వాళ్లు గెంతులేశారు, పులి కనపడలేదు. కానీ ఆ భయాన్ని రాయాలంటే జీపు సీటు సరిపోదు. కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ నవలలో ఒక ముసలివాడు తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి పోతాడు. ఒక్క రోజులో తేలిపోయే కథ. సింహం లేదు, ఏనుగు లేదు, ఉన్నది ఒక పంది. అయినా ఆ ముసలివాడి చెవితో మనం ప్రతి చప్పుడూ వింటాం, ఎందుకంటే ఆ పంది పోతే ఆయనకి నిజంగానే పోతుంది.

ఆఫ్రికా సఫారీ మీద తెలుగులో అలాంటి పేజీ ఒక్కటీ నాకింకా దొరకలేదు. రాయదగ్గ మనిషి మాత్రం ప్రతి వ్యాసంలోనూ ఉన్నాడు, పది రోజులూ ముందు సీట్లో కూర్చుని బండి నడుపుతూ.