మోటుపల్లి అభయశాసనము – తీరవాసుల పక్షము

మోటుపల్లి వీరభద్రాలయమందలి స్తంభశాసనము ఆంధ్రదేశచరిత్రాభ్యాసకులకు సుపరిచితము. కాకతీయ గణపతిదేవుడు దీనిని క్రీ. శ. 1244-45 సంవత్సరమున వేయించెను. హుల్ట్ష్ పండితుడు ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటమున పరిష్కరించి ప్రకటించెను. నాటినుండియు పాఠశాలలలో దీనిని ఆ ప్రభువు కారుణ్యమునకు నిదర్శనముగా బోధించుట పరిపాటి యైనది. ఆ ప్రశంస అనుచితమని మా మతము కాదు. కాని ప్రశంస పఠనమునకు బదులు కాజాలదు. ఈ శాసనము ఎవరిని నిందించుచున్నది, ఎవరిని రక్షించుచున్నది, ఎవరిని గూర్చి మౌనము వహించినది అను మూడు ప్రశ్నలు వేసికొని చదివినగాని దాని తత్త్వము బోధపడదు.

శాసనార్థము సంగ్రహముగా నిట్లున్నది. ఒక దేశమునుండి మఱియొక దేశమునకు బయలుదేరిన ఓడలు తుపానుచే భగ్నములై దరి చేరినపుడు, పూర్వపురాజులు వానియందలి బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు సర్వస్వమును బలాత్కారముగా గైకొనుచుండిరి. గణపతిదేవుడు దయచేతను, కీర్తికొఱకును, ధర్మముకొఱకును, ఏర్పరచిన శుల్కము తప్ప తక్కిన దంతయు సొత్తుదారులకే విడిచిపెట్టెను. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకపాలు సుంకము నిర్ణయింపబడెను. చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, రాగి, సీసము, పట్టు, మిరియములు, పోకలు మొదలగువానికి వేర్వేఱుగా వెలలను బట్టియు, తూనికలను బట్టియు సుంకపు వివరము లున్నవి.

మొదటి ప్రశ్నకు సమాధానము స్పష్టము. నింద పూర్వరాజులపైననే కాని తీరమందలి ప్రజలపై గాదు. రెండవదియు స్పష్టమే. రక్షణ వర్తకునకు. ఇందు దయయే కాక రాజనీతియు గలదు. వెలనాటిని దివిసీమను వశపఱచుకొనిన కాకతీయులకు రేవుపట్టణము క్రొత్తగా చేజిక్కిన సంపద. భగ్నమైన యొక్క ఓడను దోచుకొనుటకంటె, క్షేమముగా వచ్చు నూఱు ఓడలనుండి ముప్పదియవ పాలు గ్రహించుట లాభకరమని తెలిసికొనిన ప్రభువు గణపతిదేవుడు. శాసనమే కీర్తిని, ధర్మమును ప్రయోజనములుగా పేర్కొనినది. సుంకపుపట్టిక మూడవ ప్రయోజనమును చెప్పక చెప్పుచున్నది.

ఇట్టి ధర్మము మన దేశమునకే పరిమితము కాదని చూపుటకు ఫ్రాన్సుదేశపు పడమటికొనయందలి బ్రిటనీ సీమ తగిన యుపమానము. 1532లో ఫ్రెంచిరాజ్యమున జేరుటకు పూర్వ మది ప్రత్యేకమైన డ్యూకుల ప్రభుత్వము. అచటి పడమటిభాగపు పల్లెల భాష ఫ్రెంచి గాక కెల్టుకుటుంబమునకు జెందిన బ్రెటను. ఆ రాతితీరమున పగిలిన ఓడలపై హక్కు డ్యూకులకును, లెయోను మొదలగు సీమల ప్రభువులకును చెల్లుచుండెను. పదుమూడవ శతాబ్దినుండి డ్యూకులు బోర్డో, లా రొషెలు రేవులలో ముద్రవేసిన పత్రములను నావికులకు విక్రయించిరి. ఆ పత్రము గలవాని ఓడ పగిలినను సొత్తు వానిదే. మన శాసనమును, వారి పత్రమును ఒకే శతాబ్దివి. భేదమేమనగా, బ్రిటనీ నావికుడు అభయమును ముందుగా కొనవలసినవాడు. మోటుపల్లికి వచ్చినవానికి అది శిలాక్షరములతో అందఱకును సమానముగా ప్రకటితమైనది. ఫ్రాన్సులో 1681 నాటి నౌకాశాసనము భగ్ననౌకలను రాజరక్షణమున జేర్చెను. ఈ విషయమున గణపతిదేవుని ఘనత యథార్థమైనది. దానిని తూకము వేసి చెప్పినపుడే యది నిలుచును.

ఇక మూడవ ప్రశ్న. బ్రిటనీలో ప్రభువుల హక్కు మరుగుపడి, నింద ప్రజలపై బడినది. లెయోను తీరమందలి పగాను సీమవారు తుపానురాత్రులలో ఆవుకొమ్ములకు దీపములు గట్టి ఓడలను రాళ్లపైకి రప్పించెడివారను కథ వ్యాపించినది. భగ్ననౌకల సరకును పల్లెవారు ఎత్తుకొనిపోయినట్లు న్యాయస్థానపత్రములలో గలదు. దొంగదీపములకు మాత్రము నమ్మదగిన సాక్ష్యము లేదని 1993లో తీరసమాజములపై గ్రంథము ప్రకటించిన అలేను కబాంతూ మొదలగు చరిత్రకారులు తేల్చిరి. ఆ తీరమునకు అనతిదూరమందలి మొలేను ద్వీపవాసులు 1896 జూను 16వ తేదీ రాత్రి మునిగిన డ్రమ్మండ్ కాజిల్ నౌక మృతులను తమ బంధువులవలె ఖననము చేసిరి. ఒకే తీరప్రజనుగూర్చి కథ యొకటి, కార్యము మఱియొకటి.

మన తీరవాసులపై నట్టి నింద లేదు. అంతకంటె చిత్రమైన దేమనగా, వారి ప్రసక్తియే లేదు. తుపానులో ఓడ దరికి గొట్టుకొనివచ్చినపుడు మొదట చూచువాడు సుంకరి గాడు, పల్లెకారుడు. ప్రాణముతో నున్నవానిని నీటినుండి లాగినవా రెవరు? శాసనము చెప్పదు. తదనంతరము వచ్చిన మార్కోపోలో "ముత్ఫిలి" యని ఈ రాజ్యమును బేర్కొని, రాణిని, వజ్రములను, సన్నని వస్త్రములను ప్రశంసించెను, నావికుల నెఱుగడు. శ్రీనాథుని హరవిలాసకృతిపతి అవచి తిప్పయసెట్టి హురుముంజి మొదలగు దూరదేశములనుండి సరకులు దెప్పించిన వర్తకుడు. అందు సెట్టి కలడు, సరంగు లేడు. 1358లో అనపోతారెడ్డి మోటుపల్లియందే వర్తకులకు మరల అభయశాసనము వేయించెను. ఇచ్చిన యభయమును మరల నీయవలసివచ్చినదనగా, నడుమ నది చెల్లని కాలము గడచినదని యూహింపవలయును. ఆ కాలపు కష్టమును రెండు శాసనములును వర్తకుని వైపునుండియే చూచినవి.

ఓడను పగులగొట్టిన గాలియే గుడిసెను గూల్చును. 1864 నవంబరు 1వ తేదీని బందరును, 1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన ఉప్పెనలలో వేలకొలది తీరవాసులు నశించిరి. పూర్వశతాబ్దులలో నట్టి ఉప్పెనలు రాలేదని యెవడు చెప్పగలడు? భగ్ననౌకకు శాసనము గలదు, భగ్నగృహమునకు లేదు. ఈ లోపము గణపతిదేవునిది కాదు. శిలాశాసనమను ప్రక్రియయొక్క పరిమితి యది. దానిని సంపూర్ణచరిత్రగా గ్రహించినచో లోపము మనది.

అట్లని తీరసీమకు స్వీయవాణి లేకపోలేదు. గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని దివిసీమ నేలిన అయ్యవంశమువాడు; ఆయన సోదరీమణులు నారమ, పేరమలు ఆ చక్రవర్తికి దేవేరులు. ఆయన రచించిన నృత్తరత్నావళి యెనిమిది యధ్యాయములలో తుది నాలుగును దేశినృత్తములకే వినియుక్తములు. రాజాస్థానమున నుండియు జనుల యాటలను శాస్త్రమున కెక్కించిన యీ తీరసీమవాని దృష్టియే మనకు మార్గదర్శకము.

శిల చెప్పనిదానిని పలుకు చెప్పును. రేవు, తెప్ప, పోటు, పాటు, మొగ అను మాటలు తెలుగువి. బందరు, లంగరు, సరంగు అనునవి పారసీకమునుండి వచ్చినవి. ఒకే పడవపై నీ రెండు తెగల పదములును కలసియుండుట, తెలుగు కళాసియు విదేశనావికుడును చిరకాలము కలసి పనిచేసిరనుటకు సాక్ష్యము. వాడబలిజలు, జాలరులు, పట్టపువారు, పల్లెకారులు వాడు పదములను సీమవారీగా, ఉచ్చారణభేదములతో సేకరించినచో, మోటుపల్లి స్తంభమునకు రెండవ ముఖము లభించును.

ఈ పని తీరమువారిదే యని మర్పల్లి, వికారాబాదు, తాండూరు ప్రాంతముల పండితులు ఉపేక్షింపరాదు. అనంతగిరిలో బుట్టిన మూసియు, తాండూరు నొరసి పాఱి భీమలో గలియు కాగ్నాయు కృష్ణద్వారమున ఆ సాగరమునే చేరుచున్నవి. గోలకొండ రాజ్యమునకు బందరే సముద్రద్వారముగా నున్న కాలమున మెట్టసీమయు ఆ వర్తకముతో ముడివడియున్నది. బండివాండ్రు, సంతబేరగాండ్రు, నేతవారు వాడు సరకుల పేళ్లలో, కొలతలలో రేవుమాట యేదైన నిలిచియున్నదేమో పరీక్షించుట సులభసాధ్యము. ఉపాధ్యాయులు విద్యార్థులచే ఊరూర నిట్టి పదములను వ్రాయించి, చెప్పినవాని వృత్తిని, గ్రామమును జతపఱచి భద్రపఱతురు గాక. గణపతిదేవుని యభయము ఓడ నెక్కినవారికి లభించినది. ఓడను నడిపినవారికి చరిత్రలో స్థానము కల్పించుట పరిశోధకుల విధి.