పెన్సిలుతో వేసిన అడ్డదారి

ఈవీఎం ముందు నిలబడ్డ ఓటరు మేనిఫెస్టో నెమరు వేసుకోడు. రుణమాఫీ, ధరలు, ఊరికి పడ్డ రోడ్డు, ఎవరిమీదో ఉన్న కోపం, అన్నిటినీ మనసు ముందే ఒక బొమ్మకు ముడేసి పెట్టుకుంటుంది. బొమ్మ కనబడితే చాలు, వేలు బటన్ మీదికి వెళుతుంది. మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఇలాంటివాటిని మనసు తొక్కే అడ్డదారులంటారు. ఆ దారిని మన ఎన్నికల సంఘం బొమ్మలు గీయించి మరీ వేసింది. ఆ పనితనమంటే నాకు చాలా గౌరవం.

1951–52 తొలి ఎన్నికల్లో ఓటర్లు 17 కోట్ల పైచిలుకు. ఎక్కువమందికి చదువు రాదు. అందుకే అభ్యర్థికొక ఇనప పెట్టె, దానిమీద గుర్తు. చీటీ ఏ పెట్టెలో వేస్తే ఓటు వాళ్లదే. కాంగ్రెసుది కాడెద్దులు, కమ్యూనిస్టులది కంకి కొడవలి. సీపీఐకి నేటికీ అదే గుర్తు.

తర్వాతి దశాబ్దాల్లో వాడిన గుర్తులు చాలావరకు ఎన్నికల సంఘం చిత్రకారుడు ఎం.ఎస్. సేథీ చేతిలోంచి వచ్చాయి. మామూలు మనిషి చూడగానే పోల్చుకోగల వస్తువేదో సిబ్బంది కూర్చుని మాట్లాడుకునేవారు, ఆయన పెన్సిలుతో గీసేవారు. 1992లో ఆయన రిటైరయ్యారు. కత్తెర, గాలిపటం, గొడుగు, కుట్టు మిషను: ఈ తరహా గుర్తుల్ని ఒకసారి తీరిగ్గా చూడండి. రంగు లేదు, అలంకారం లేదు. సైకిలును ఎదురుగా నిలబెట్టి గీస్తే నిలువు గీతే మిగులుతుంది. పక్కనుంచి గీస్తేనే రెండు చక్రాలూ హ్యాండిలూ విడివిడిగా తెలుస్తాయి. ముడిచిన గొడుగు కర్రలా ఉంటుంది, విప్పితేనే గొడుగు. ఏ వైపునుంచి చూపాలో, ఏ గీత తీసేయాలో తెలియడమే ఇక్కడి విద్య.

కానీ బొమ్మ తనంతట తాను బాగుంటే సరిపోదు. పక్క గడిలో ఏముందన్నదీ ముఖ్యమే. 2019లో భువనగిరి లోక్‌సభ స్థానంలో బీఆర్ఎస్ (అప్పటి టీఆర్ఎస్) కారు గుర్తు 5,219 ఓట్ల తేడాతో ఓడింది. అక్కడే రోడ్డు రోలరుకు 27 వేల పైచిలుకు ఓట్లు పడ్డాయి. అవన్నీ పొరబాటు ఓట్లేనని అనలేం. అయినా చిన్న గడిలో నల్లగీతలతో గీసిన ఆ రెంటికీ చక్రాలున్నాయి, పైకప్పుంది. 2023లో బీఆర్ఎస్ ఇలాంటి గుర్తులమీద సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఓటర్లకు తేడా తెలుసంటూ కోర్టు పిటిషన్ కొట్టేసింది. ఓటరు తెలివిమీద నాకూ అంతే నమ్మకం. అయితే పోలింగు గదిలో పని చేసేది తెలివొక్కటే కాదు, అద్దాలు మరిచి వచ్చిన అవ్వ చూపు కూడా. కొత్త గుర్తును జాబితాలోకి తీసుకునే ముందు, బ్యాలెట్ యూనిట్ మీద కనబడేంత సైజులోనే, పాత గుర్తుల పక్కన పెట్టి, మసక వెలుతురులో పెద్దవయసు వాళ్లకు చూపించి అడగాలి. సేథీ కాలంలో బల్ల చుట్టూ సాగిన ఆ చర్చను ఓటర్లతోనే జరపాలి.