కన్ను ముందు, కాలు వెనక

ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్‌లో స్టవర్‌హెడ్ అనే పాత ఎస్టేట్ ఉంది. ఇంటికి దిగువన లోయలో ఒక చెరువు, దాని చుట్టూ ఒక బాట. గంటసేపు తీరిగ్గా నడిస్తే బయల్దేరిన చోటికే వచ్చేస్తాం. ఇంత చిన్న నడక కోసం ఒక మనిషి దాదాపు నలభై ఏళ్లు శ్రమపడ్డాడంటే, అందులో ఏముందో కాస్త నిలబడి చూడాలి.

ఆ మనిషి హెన్రీ హోర్ (1705–1785). వాళ్లది లండన్‌లో బ్యాంకు నడిపే కుటుంబం. తండ్రి 1717లో ఈ భూమి కొని, పాత ఇల్లు పడగొట్టించి, కోలెన్ క్యాంబెల్ అనే వాస్తుశిల్పి చేత కొత్త భవనం కట్టించాడు. ఆ డబ్బు ఎలాంటిదో కూడా చెప్పుకోవాలి. 1720లో సౌత్ సీ కంపెనీ వాటాలు కూలి ఎందరో దివాలా తీస్తే, హోర్ బ్యాంకు ఆ వాటాల మీదే లాభం చేసుకుని బయటపడింది. ఆఫ్రికన్లను బానిసలుగా అమెరికా ఖండానికి చేరవేయడం ఆ కంపెనీ వ్యాపారాల్లో ఒకటి. తోట అందం ఈ సంగతిని చెరిపెయ్యదు.

కొడుకు హెన్రీ 1740లలో హెన్రీ ఫ్లిట్‌క్రాఫ్ట్ అనే వాస్తుశిల్పితో కలిసి లోయలో పని మొదలుపెట్టాడు. స్టవర్ నది పుట్టేది అక్కడే. ఊటనీళ్లు అప్పటిదాకా చిన్న చిన్న గుంటల్లో నిలిచేవి. 1754 ప్రాంతంలో లోయ మూతికి అడ్డంగా కట్ట వేయించేసరికి నీళ్లు వెనక్కి తన్ని పెద్ద చెరువైంది. గట్ల మీద రోమన్ గుళ్లను తలపించే కట్టడాలు లేచాయి. ముందు ఫ్లోరా మందిరం, తర్వాత గుమ్మటం ఉన్న పాంథియాన్, 1765కల్లా కొండమీద అపోలో మందిరం.

అయితే కట్టడాలు చాలా ఎస్టేట్లలో ఉన్నాయి. వాటిని బాట ఎలా చూపిస్తుంది, ఎప్పుడు దాచేస్తుంది అన్నదే ఇక్కడి విద్య. దీని సూత్రాన్ని ఆ కాలంలోనే విలియం షెన్‌స్టోన్ అనే కవి రాసిపెట్టాడు. కన్ను ఒక వస్తువును చేరిన దారినే కాలు కూడా చేరకూడదని ఆయన మాట. దూరంగా మందిరం కనిపించిందనుకోండి, తిన్నగా దాని దగ్గరికి బాట వేస్తే నడిచేవాడికి దారిలో కొత్తగా దొరికేది ఏమీ ఉండదు. అందుకే ముందు చూపించి, ఆశపెట్టి, చెట్ల వెనక్కి మళ్లించి, మరిచిపోయే వేళకు మరో పక్కనుంచి ఎదురుగా నిలబెట్టాలి.

స్టవర్‌హెడ్‌లో ఇది ఎంత బాగా కుదిరిందో చూడండి. ఊరి వైపు నుంచి రాగానే ముందు పచ్చిక పరిచిన ఐదు కమానుల వంతెన, దాని వెనక నీళ్లు, నీళ్లకు అవతల పాంథియాన్. క్లాడ్ లొరేన్ అనే ఫ్రెంచి చిత్రకారుడి బొమ్మ లేచి వచ్చినట్టుంటుంది ఆ దృశ్యం. మధ్యలో నీళ్లుండటంతో తిన్నగా వెళ్లే వీల్లేదు, చుట్టూ నడవాల్సిందే. చెట్లు దగ్గరపడి పాంథియాన్ మాయమవుతుంది. కాసేపటికి నేల కిందికి దిగిపోతుంది. గరుకు రాళ్ల మధ్య సన్నని చీకటి దారి, దాని చివర గుమ్మటం కప్పు కింద గుండ్రటి గది. ఇది 1748లో కట్టిన గుహ. గోడ గూటిలో నిద్రపోతున్న వనదేవత విగ్రహం, దాని కింద నుంచి జారే ఊటనీరు. లోపల చల్లగా, తడిగా ఉంటుంది, నీటి చప్పుడు తప్ప మరేమీ వినపడదు. ఒక పక్క రాతిలో వదిలిన కంతలోంచి చూస్తే చెరువు నీళ్లు దాదాపు కళ్ల ఎత్తునే ఉంటాయి. ఇంతవరకు పైనుంచి చూసిన చెరువే, ఇప్పుడు మనం దాని అడుగున ఉన్నట్టు అనిపిస్తుంది. అక్కడి నుంచి మెట్లెక్కి వెలుతురులోకి వచ్చి కాస్త నడిస్తే పాంథియాన్. దాని మెట్లమీద వెనక్కి తిరిగితే మనం బయల్దేరిన వంతెన, ఊరు, చర్చి అన్నీ ఒక పటంలా కనిపిస్తాయి.

ఈ నడకకు దిశ కూడా ముఖ్యం. గుడిలో మనం దేవుణ్ణి కుడిచేతి వైపు ఉంచుకుని ప్రదక్షిణ చేస్తాం. ఇక్కడ చెరువు ఎడమచేతి వైపు ఉండాలి. తిరగేసి నడిస్తే గుహ దాచినదంతా ముందే బయటపడుతుంది. షెన్‌స్టోన్ తన లెజోజ్ ఎస్టేట్‌లో ఇలాంటి నడకే వేసుకుంటే, పొరుగు జమీందారు కుటుంబం కావాలని అతిథుల్ని తప్పు కొసనుంచి తీసుకెళ్లేదని రచయిత శామ్యూల్ జాన్సన్ రాశాడు. ఆ కవికి అదెంత కడుపుమంటో నాకు అర్థమవుతుంది.

దాచడంలో మరో రెండు పనులున్నాయి. ఎస్టేట్‌లోంచి ఒక రోడ్డు పోతుంది. అపోలో మందిరానికి ఎక్కే బాటను రాళ్ల కమానుమీదుగా ఆ రోడ్డు దాటించారు, దిగేటప్పుడు గుహలాంటి సొరంగంలోంచి దాని కిందుగా తెచ్చారు. ఎవరికీ రోడ్డు దాటిన ధ్యాసే ఉండదు. రెండోది హా-హా. పశువులు ఇంటి వైపు రాకుండా కంచెకు బదులు కందకం తవ్వి, ఇంటి వైపు నిటారు గోడ కట్టి, అవతలి వైపు వాలుగా వదిలేస్తారు. కిటికీలోంచి చూసేవాళ్లకు పచ్చిక ఎక్కడా తెగకుండా మేత పొలాల్లో కలిసిపోతుంది.

హెన్రీ తర్వాత మనవడు రిచర్డ్ కోల్ట్ హోర్ టర్కీ డేరా, కొయ్య వంతెన వంటివి తీయించి, కంకర బాట వేయించి, రోడోడెండ్రాన్ పొదలు నాటించాడు. 1917లో యుద్ధంలో ఒక్కగానొక్క కొడుకును పోగొట్టుకున్న వారసుడు 1946లో ఎస్టేట్‌ను చారిత్రక స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థకు ఇచ్చేశాడు. అలా ఈ నడక అందరిదయింది.

దాన్ని నిలబెట్టడం తేలికైన పనేమీ కాదు. చెట్లు ఎదిగితే చూపు మూసుకుపోతుంది, నరికేస్తే దాపరికం పోతుంది. వేసవి మొదట్లో రోడోడెండ్రాన్‌లు ఎర్రగా, ఊదాగా విరగబూస్తే జనం అందుకోసమే వస్తారు. హెన్రీ మాత్రం పువ్వుల రంగుల్ని నమ్ముకోలేదు. ముదురు ఆకుపచ్చను, లేత ఆకుపచ్చను పెద్ద పెద్ద గుంపులుగా, చిత్రంలో వెలుగునీడల్లా నాటాడు. పూలు లేని నెలల్లో వెళ్తేనే ఆయన గీసిన గీత స్పష్టంగా తెలుస్తుందని నా అభిప్రాయం.