ఒంటి తీగ గురుమాయిలు
గిటార్ నేర్చుకునేవాళ్లు నలుగురు కలిస్తే అభిమాన వాద్యకారుడెవరన్న వాదన తప్పదు. జిమి హెండ్రిక్స్ అని ఒకరంటే, పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ అని ఇంకొకరు. అది గిటార్ కాదుగా అంటారా? గిటార్ దిగ్గజం జాన్ మెక్‌లాఫ్లిన్‌కే లేని పట్టింపు మనకెందుకు? ‘రిమెంబర్ శక్తి’లో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని వాయించారు.

నా ఓటు మాత్రం ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో వాయిస్తూ కథలు పాడే ఆడవాళ్లకు, గురుమాయిలకు. దోర్ల గిరిజనుల మాటల్లో తెలుగు వినిపించే దక్షిణ బస్తర్‌లో డోలుదే పెద్దపీట. ఉత్తరాన, కొండగావ్ వైపు, గురుమాయిలు వాయించే ఒంటి తీగ వాద్యం ధన్‌కుల్ ఉంది.

కుండ మూతిమీద చేట బోర్లిస్తారు. చేటమీద విల్లు ఒక కొన ఆనిస్తారు. విల్లు కర్రకు వరుసగా గాట్లు. చీల్చిన వెదురు పుల్లను కుడిచేత్తో ఆ గాట్లమీద రాస్తూ, ఎడమచేత్తో నారి లాగి వదులుతారు. గరగరలో తాళం, నారిలో శ్రుతి, కుండలో మోత. ఇంతా చేస్తూ హల్బీ భాషలో జగార్ అనే కథాగానం పాడతారు, రాత్రులకు రాత్రులు! పాడుతూ వాయించబోయి తాళం తప్పే మాబోటివాళ్లకు ఈ ఒక్కటి చాలు, ముక్కున వేలేసుకోవడానికి.

గిటార్ తీగల్ని అరచేత్తో నొక్కిపట్టి గీకితే ఆ గరగర కొంతవరకు పలుకుతుంది. కుండ మోత మాత్రం ఏ పెడల్ తొక్కినా రాదు.