సెరొటోనిన్ వాదము: ఆరు సాక్ష్యములు, విడిచిన ఏడవది

విషాదవ్యాధికి సెరొటోనిన్ కొరతయే కారణమనుటకు నిలుకడైన సాక్ష్యము లేదని జొయానా మాంక్రీఫ్ బృందము 2022లో ‘మాలిక్యులర్ సైకియాట్రీ’లో సమీక్ష ప్రకటించినది. మందులు గుణమిచ్చునా అను విషయము అందు పరిశీలింపబడలేదు. వార్తాపత్రికలలో పెక్కు మాత్రము దానిని మందులపై తీర్పుగానే చాటినవి.

సమీక్షించిన సాక్ష్యములు ఆరు తెగలు. రక్తములోని సెరొటోనిన్ కొలతలు అందొక భాగము. అది ముఖ్యముగా ప్రేగులలో పుట్టి రక్తఫలకికలలో నిలువయుండును; మెదడులోనికి చొరజాలదు. దానిని కొలిచి మెదడు సంగతి చెప్పుట ఎట్లు? ఇందు సమీక్షకులతో మనకు పేచీ లేదు.

పేచీ విడిచిన దానితోనే. సెరొటోనిన్‌ను పెంచి దాని పనితీరును చూచు హార్మోను పరీక్ష ఒకటి గలదు. సిరద్వారా ఎక్కించిన ట్రిప్టోఫాన్ మెదడులో సెరొటోనిన్‌గా మారును. అది హైపోథాలమస్‌ను ప్రేరేపింపగా పీయూషగ్రంథి ప్రొలాక్టిన్‌ను విడుచును. 1984లో హెనింజర్ బృందము చూడగా, ఈ స్పందన ఆరోగ్యవంతులలోకంటె రోగులలో మందముగా నుండెను. ఆరు తెగలలో ఇట్టి పరీక్షకు చోటు లేదు.

ఇది తిరుగులేని రుజువని కాదు. ప్రొలాక్టిన్‌కు పగ్గము వేయునది డోపమైన్. లోపము ఆ వైపుననైనను ఉండవచ్చును. పైగా కొద్దివారములు ఆహారము తగ్గించినచో ఆరోగ్యవతులైన స్త్రీలలో సైతము ఈ స్పందన మారుచున్నది. విషాదరోగులలో పెక్కుమందికి అన్నమే సహింపదు గదా! ఈ చిక్కులతోనే దానిని ఏడవ తెగగా విచారింపవలసియుండెను.