మరకా బండా ఒకటే

"బండలా, టైల్సా?"

పండగ ముందు ఇల్లు కడగడానికి వచ్చే ఆడవాళ్లు మా నంద్యాలలో రేటు చెప్పేముందు అడిగేది ఇదే. ఉగాదికైనా, రంజాన్‌కైనా ఈ ప్రశ్న దాటి బేరం ముందుకు పోదు. టైల్సయితే పని ఒక రకం, బేతంచెర్ల బండలయితే ఇంకో రకం. ఆ తేడా తెలియని కొత్తవాళ్లు పరక, బకెట్‌తో పాటు యాసిడ్ సీసా కూడా పట్టుకొస్తారు. బండ మీద యాసిడ్ పడగానే బుస్సున నురగ లేస్తుంది. చూసేవాళ్లకు మురికి వదులుతున్నట్టు ఉంటుంది. కరిగేది మాత్రం బండ.

బేతంచెర్ల, బనగానపల్లె, కోయిలకుంట్ల చుట్టుపక్కల భూమిలో పొరలు పొరలుగా ఉండే సున్నపురాయి ఇది. మేం నాపరాయి అంటాం. పలకలుగా చీలుతుంది కాబట్టి నేలకు పరిచాం, మిద్దెలకు కప్పాం, వంటింటి గట్టుకూ వేశాం. మా జిల్లాలో సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసిందీ దీని కోసమే. ఈ రాతి సందుల్లోంచి ఊరిన నీళ్లే మా బోర్లలో పడతాయి. కుళాయి మొదట్లో, సింకు అంచున నీళ్లు ఆరిన చోట తెల్లగా గారకట్టేది కాల్షియం కార్బొనేట్. కింద పరిచిన బండలో ఉన్నదీ ముఖ్యంగా అదే. ఇక మరకను కరిగించి బండను వదిలేసే యాసిడ్ ఎక్కడ దొరుకుతుంది? నిమ్మరసం, చింతపండు పులుసు ఈ పని నిదానంగా చేస్తే, అంగట్లో సీసాల్లో అమ్మే హైడ్రోక్లోరిక్ యాసిడ్ నిమిషంలో చేస్తుంది. నునుపు పోయిన బండ గరుకు తేలుతుంది, గరుకు మీద మురికి ఇంకా గట్టిగా పడుతుంది, దానికి మళ్లీ యాసిడ్. కొందరు అంతటితో ఆగక బ్లీచింగ్ పౌడర్ కూడా కలుపుతారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. కిటికీ మూసిన వంటింట్లో అది ఊపిరితిత్తులను పట్టేస్తుంది. ఇల్లుగలవాళ్లు ముక్కు మూసుకొని హాల్లోకి పోతారు. కడిగే మనిషి లోపలే ఉంటుంది.

మా ఇంటికి వచ్చే ఆమె యాసిడ్ ముట్టదు. ఎండు బట్టతో ఒకసారి, సబ్బునీళ్లతో ఒకసారి, మళ్లీ ఎండు బట్టతో. సింకు పక్కన గార ఎందుకు పోవడం లేదని నేను విసుక్కుంటే, ఆమె గట్టు మీద చెంబుడు నీళ్లు పోసి చూపించింది. నీళ్లు సింకులోకి పోలేదు, గోడవైపు పోయి మూలన నిలబడ్డాయి. "నీళ్లు నిలబడకుంటే గార యాడిదక్కా? మేస్త్రీ వాటం తప్పిస్తే నేను చేతులు అరగదీసుకోవాల్నా?" అంది.

అప్పటినుంచి ఏ ఇంటికి పోయినా నా కళ్లు గట్టు వాటం మీదే. చాలా ఇళ్లలో ఆ వాటం ఉండదు. ఆళ్లగడ్డలో మా చెల్లెలి ఇంటికి పోయినప్పుడు ఇది మరీ వింతగా తోచింది. రోడ్డు వారన శిల్పుల షెడ్లలో ఉలి చప్పుడు వినిపిస్తుంటుంది. రాతి విగ్రహాలకు పేరు మోసిన ఊరు, ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. శివలింగం కింద ఉండే పానవట్టాన్ని చూడండి. పాలు, పెరుగు, తేనె, నెయ్యి, నీళ్లు, ఎన్ని పోసినా చుట్టూ గాడిలో చేరి, ఒకవైపు ముక్కులోంచి బయటికి పోవాలి. జిడ్డుపదార్థాలను రాతిమీద నిలవకుండా దారి పట్టించే విద్య అంతకంటే ఏముంది? ఆ షెడ్లకు కూతవేటు దూరంలో లక్షలు పోసి కట్టిన ఇళ్లలో వంటగట్టు అంచుకు చిన్న గాడి కూడా ఉండదు. గట్టు మీద ఒలికిన నీళ్లు అంచు దాటి, కింద అల్మారా తలుపుల మీదుగా కారతాయి.

ఆ అల్మారాల సంగతీ చెప్పాలి. మాడ్యులర్ కిచెన్ అని ఇప్పుడు నేలదాకా చెక్కపొట్టు అట్టలతో పెట్టెలు బిగిస్తున్నారు. మనమేమో బకెట్లతో నీళ్లు పోసి కడిగే జనం. రెండు వానాకాలాలు తిరిగేసరికి అడుగు అంచులు ఉబ్బి పొరలు లేస్తాయి. ఇక పైన పొగ లాగే చిమ్నీ. తిరగవాత నూనె ఆవిరికి జొన్నపిండి దుమ్ము తోడైతే దాని జాలీకి పట్టే బంక మామూలు సబ్బుకు లొంగదు. జొన్నరొట్టె తినే సీమలో ఇది రోజువారీ సమస్య, కేటలాగు గీసేవాళ్లకు మాత్రం తెలియదు. రొట్టె తట్టడానికి భుజం బలం పైనుంచి దిగాలి. అందుకే మా అమ్మ పీట ముందు కూర్చొని తట్టేది. ముప్పై నాలుగు అంగుళాల గట్టు దగ్గర పొట్టి మనిషి నిలబడి తడితే మోచేయి పైకి లేస్తుంది, పిండి ఎగురుతుంది. సాయంత్రానికి ఆమెకు భుజం నొప్పి, కడిగేవాళ్లకు చిమ్నీ పని.

పాత మిద్దె ఇళ్ల వంటింట్లో గవాక్షిలోంచి పొగ పోయేది, మూలన జాలాడి దగ్గర బోకులు తోమితే నీళ్లు నేరుగా బయటికి పోయేవి. అంతమాత్రాన ఆ రోజులు బాగుండేవని నేను అనను. సగం పొగ లోపలే ఉండేది, నడుములు వంగిపోయేవి. నీళ్లకు దారి మాత్రం ఉండేది.

1926లో ఫ్రాంక్‌ఫర్ట్ పట్టణంలో కార్మికుల ఇళ్లకు వంటగది గీసిన మార్గరెటె షుట్టె-లిహొట్స్కీ వంట వచ్చిన మనిషి కాదు, ఆ మాట ఆమే ఒప్పుకుంది. అయినా పని చేసే ఆడవాళ్లను అడిగింది, పొయ్యికీ తొట్టికీ మధ్య ఎన్ని అడుగులు పడుతున్నాయో, ఎంత సమయం పడుతోందో కొలిపించింది. అలాంటి వంటగదులు ఆ ఊళ్లో సుమారు పదివేలు కట్టారు. మన దగ్గర సిద్ధాంతి ఆగ్నేయం చూస్తాడు, మేస్త్రీ గోడ చూస్తాడు, షోరూమ్ వాళ్లు రంగు చూపిస్తారు. ఇల్లు తుడిచే మనిషిని పిలిచి ఎవరైనా ఒక్క మాట అడగగా నేను చూడలేదు.

ఆళ్లగడ్డలో చెల్లెలు ఇప్పుడు వంటిల్లు తిరగ కట్టిస్తోంది. మా ఇంట్లో పనిచేసే ఆమెను ఒక పూట వెంటబెట్టుకుపోయాను. కూలి ఇచ్చే తీసుకుపోయాను, సలహా కూడా పనే కదా. ఆమె చెప్పినవి పెద్ద ఖర్చు విషయాలేం కావు. గట్టుకు సింకువైపు వాటం, అంచు అడుగున నీళ్లు వెనక్కి జారకుండా గాడి, అల్మారాలు నేలకు అయిదారు అంగుళాల ఎత్తున, పరక మూలకు అందేలా. సింకు పక్కన నాపరాయి వద్దని, గ్రానైట్ వేయమని చెప్పింది. యాసిడ్‌ను, పులుసును గ్రానైట్ చాలావరకు తట్టుకుంటుంది. రొట్టెల కోసం ఒక మూల గట్టు దించమంటే మేస్త్రీ ఒప్పుకోలేదు.

"చూసేదానికి బాగుండదు తల్లీ" అన్నాడు.

"చూసేటోల్లు రొట్టెలు చేస్తారా అన్నా?" అని చెల్లెలు పీట తెచ్చి, దాని మీద నిలబడి, తట్టి చూపించింది. చివరికి గోడ మీద సుద్దతో కొత్త గీత గీశాడు. సింకు మాత్రం సిద్ధాంతి చెప్పినట్టు ఈశాన్యంలోనే ఉంటుంది. అక్కడినుంచి బయటి కాలువకు పైపు దూరమవుతుందని, దానికి వేరే డబ్బులని మేస్త్రీ చెప్పాడు. ఆ బేరం ఇంకా నడుస్తోంది.