ఆరు గంటల పిట్ట

మంగళవారం తెల్లవారకముందే వరండా కిటికీ అద్దానికి ఏదో దబ్బున తగిలింది. లైటు వేసి చూస్తే చెప్పుల పక్కన గుప్పెడంత పిట్ట. పచ్చటి వీపు, రెక్క మీద మెరిసే నీలం మచ్చ, కంటి మీదుగా నల్ల పట్టీ, పొట్ట కింద కుంకుమ ఎరుపు, ఉందా లేదా అన్నట్టు తోక. పక్షులు చూసేవాళ్లు ‘ఇండియన్ పిట్టా’ అంటారు. హిమాలయాల దిగువ అడవుల్లోనూ మధ్య భారతపు కొండల్లోనూ గూడు కట్టి, చలికాలానికి రాత్రిపూట ఎగురుతూ దక్షిణాదికి వస్తుంది. అక్టోబరులో ఇలా అలసి ఊళ్లలో పడిపోతుంటుంది.

బూట్ల పెట్టెకు చిల్లులు పొడిచి, పాత తువ్వాలు పరిచి, అందులో పెట్టి మూత వేశాను. నోట్లో నీళ్లు పోయకూడదు. చీకటి, నిశ్శబ్దం చాలు.

నాదొక పాత పోరు ఉంది: పక్షిని మన మాటతో పిలవాలి. ఈ ఒక్క చోట మనం ఎప్పుడో గెలిచాం. 1816లో ఫ్రెంచి పక్షి శాస్త్రజ్ఞుడు వియ్యో ఈ ప్రజాతికి పెట్టిన ‘పిట్టా’ అన్న పేరు మన తెలుగు పిట్టే. ఆఫ్రికా అడవుల్లోని దీని చుట్టం, జపాన్‌లో గూడు కట్టే ఇంకో చుట్టం కూడా అదే పేరు మోస్తున్నాయి. ‘అదిగో పిట్ట, ఇదిగో ముద్ద’ అంటూ మా అమ్మమ్మ గోడ మీది పిచ్చుకను చూపించి అన్నం తినిపించిన మాట అది! ఫ్రెంచివాళ్లు ఏలిన ఈ పుదుచ్చేరిలో కూర్చుని ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఛాతీ పొంగుతుంది. ఆ రోజంతా పెట్టె పక్కన అలాగే పొంగుతూ కూర్చున్నాను.

సాయంత్రం పెరట్లో మామిడి కింద మూత తీశాను. రెండు గెంతుల్లో రాలిన ఆకుల్లోకి వెళ్లి, ముక్కుతో ఒక్కో ఆకూ తిరగేస్తూ పురుగులు వెతుక్కుంది. అన్ని రంగులూ ఆ ఎండుటాకుల్లో ఎలా కలిసిపోయాయో, రెప్ప వేసేలోగా మాయం. కాసేపటికి అక్కడి నుంచే రెండు స్వరాల ఈల.

గోడ అవతల బట్టలు తీస్తున్న పక్కింటి పాట్టి తలెత్తారు. “ఆరుమణి కురువి! వచ్చేసిందా?” అన్నారు తమిళంలో. పొద్దున ఆరుకు, సాయంత్రం ఆరుకు కూస్తుందట. చిన్నప్పటి నుంచీ వింటున్నారు, ముఖం ఎన్నడూ చూడలేదు. పొద్దున పెట్టెలోకి తొంగి చూసి ‘ఇదేం పక్షి?’ అని నన్నడిగింది ఆవిడే.

పిట్ట అంటే పిచ్చుకా పిట్టే, జెముడుకాకీ పిట్టే. నేను అంత గర్వపడిన మాటలో ఈ పిట్ట లేదు. ఆవిడ మాటలో దాని వేళ ఉంది.

నోటుపుస్తకంలో ‘పిట్టా’ కొట్టేసి, తెలుగు లిపిలోనే ‘ఆరుమణి కురువి’ అని రాశాను. పక్కన టైము: 5.52.